పదో కట్ట

"మూడు వందల అరవై కట్టలు. ఒక్క తీగకూ కొస లేదు. ఇది కంటబడలేదా సార్ మీకు?"

ఆళ్ళగడ్డ గోడౌనులో తడి గోనెపట్టాల మధ్య గొంతుక్కూర్చుని డిటెక్టివ్ మద్దిలేటి అడిగిన ప్రశ్న అది. సుందరరాజు తల కూడా ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని రిపోర్టు రాసుకుంటున్నాడు. చిన్న రైతులకు గెనుసుగడ్డ తీగలు పంచే పథకం నడిపే సంస్థలో ఆయన విజిలెన్సు అధికారి. మద్దిలేటి పన్నెండేళ్ళు పోలీసు స్టేషన్లో రైటరుగా చేసి, రాజీనామా ఇచ్చి, నంద్యాలలో సంజీవనగర్ గేటు దగ్గర ప్రైవేటు డిటెక్టివు బోర్డు తగిలించుకున్న మనిషి. ఇద్దరికీ పాత పరిచయం. అంతే పాత పేచీ.

"కొస ఉంటే ఎంత, లేకుంటే ఎంత" అన్నాడు సుందరరాజు. "ఐదింటికి నా రిపోర్టు పోతుంది. ఏసమ్మ మీద కేసు. తీగలు పెంచే పని ఇకనుంచి నంద్యాల చెన్నకేశవులు నర్సరీకి. నువ్వేమన్నా కనిపెట్టల్లంటే ఐదు లోపల కనిపెట్టుకో."

మద్దిలేటి వాచీ చూశాడు. జేబులోంచి బాల్‌పెన్ను తీసి ఎడమ అరచేతిలో 1.10 అని రాసుకున్నాడు. దాని కింద, కాస్త పెద్దగా, 5 అని. కాగితమైతే ఎక్కడో పడిపోతుంది, చెయ్యి ఎక్కడికి పోతుందని ఆయన ధీమా.

పొద్దున ఏసమ్మ కోడలు అనిత ఫోను చేసినప్పుడు ఆయన ఉగ్గాని తింటున్నాడు. సగం ప్లేటు అట్లే వదిలేసి బండెక్కాడు. ఆమె చెప్పింది వింటే ఎవరికైనా ముద్ద దిగదు.

రుద్రవరం దగ్గర ఏసమ్మ అరెకరంలో గెనుసుగడ్డ తీగలు పెంచుతుంది. మామూలు తెల్ల గడ్డ కాదు, లోపల పండిన బొప్పాయి రంగుండేది. కళ్ళకు బలం. దానికి విత్తనాల ప్యాకెట్టు ఏ అంగట్లోనూ దొరకదు, బతికున్న తీగే విత్తనం. కోసిన నాలుగు రోజుల్లో నేలలో పెట్టాలి, లేకపోతే చెత్త. నిన్న బుధవారం పొద్దున తోటలో ఆడవాళ్ళంతా చేరి తీగలు కోసి కట్టలు కట్టారు. ఏసమ్మ కొడుకు రూబెన్ తన టెంపోలో ఆ కట్టలు ఈ గోడౌనుకు తెచ్చి దించాడు. ఈరోజు ఎనిమిదింటికి డెబ్భై రెండు చిన్న రైతుల కుటుంబాలకు, ఇంటికి ఐదు కట్టల చొప్పున పంచాలి. వరసలో ముందు నిలబడ్డ ఓబులమ్మ తనకిచ్చిన కట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా ఏసమ్మ తీగ కాదప్పా" అంది. పంపకం అక్కడితో ఆగింది.

"అన్నా, కొస లేకపోతే ఏమయితాది?" అని మెల్లగా అడిగింది అనిత. అంగన్‌వాడీ టీచరు. పొద్దుటి నుంచి నిలబడే ఉంది.

"కొసే కదమ్మా తొందరగా నాటుకునేది. బుద్ధున్న రైతెవరూ కొస తుంచడు. మీ అత్త తీగ కొస ఏ రంగు?"

"వంకాయ రంగు."

"తెల్ల గెనుసు తీగ కొస?"

"పచ్చగా ఉంటాది."

"అందుకే తుంచినారు. ఆకులెట్లానూ దూసేస్తారు, కొస కూడా లేకపోతే రెండు తీగలూ ఒకటే. నాలుగు నెలలయినాంక గడ్డ తవ్వినప్పుడు గదా జనం నోరు కొట్టుకునేది." మద్దిలేటి ఒక తీగను వెలుతురులోకి ఎత్తాడు. "సుందరరాజు సారూ, ఈ కణుపులు చూడండి. గోరంత తెల్ల వేళ్ళు దిగినాయి. తడి గోనెలో మూడు నాలుగు రోజులుంటే గానీ ఇంత వేరు రాదు. ఏసమ్మ కోసింది నిన్న. అంటే ఇవి ఆదివారమో సోమవారమో ఇంకెక్కడో కోసి సిద్ధం చేసుకున్నవి."

"ఏసమ్మే ఆదివారం కోయించి పెట్టుకుందేమో" అన్నాడు సుందరరాజు. ఈసారి పెన్ను పక్కన పెట్టాడు. "నువ్వు వేళ్ళు లెక్కపెట్టు. నేను కట్టలు లెక్కపెట్టినా. తోటలో కట్టినవి నాలుగు వందలు. ఈడికొచ్చినవి మూడు వందల అరవై. పదింటికి ఒకటి లెక్కన నలభై కట్టలు ఏసమ్మ కూలి, రైతుల సంఘం ఒప్పుకున్నదే. ఆ నలభై యాడ? ఆమె చేన్లో ఒక్క తీగ నాటలేదు, నేనే పోయి చూసొచ్చినా. అడిగితే నోరిప్పదు. అమ్ముకున్నోళ్ళే నోరిప్పరు."

"మా అత్త అట్లాంటిది కాదు" అంది అనిత.

"అందరి అత్తలూ అట్లాంటోళ్ళు కారమ్మా, కేసు పడేదాకా."

మద్దిలేటికి చుర్రుమంది. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, దొరికిన మొదటి గుంజకే పశువును కట్టేసి తాళం వేసుకుని పోతాడు. కానీ నలభై కట్టల ప్రశ్నకు మాత్రం తన దగ్గరా జవాబు లేదు, అదే ఇంకా మండింది. ఆయన లేచి వాచ్‌మన్ను పిలిచాడు.

సంజీవయ్యకు అరవై దాటాయి. భుజం మీది తువ్వాలును మాటిమాటికీ సర్దుకుంటున్నాడు.

"నిన్న లోడు ఎన్ని గంటలకొచ్చె, మామా?"

"పదికి పది నిమిషాలు తక్కువ. రూబెన్ దించినాడు. ఖాళీ బండేసుకోని పదిన్నరకు పాయె. నేను తాళమేసినా."

"తర్వాత?"

"తర్వాతేందప్పా. ఈడనే కూర్చున్యా. సాయంత్రం దాకా కదల్లేదు."

"మధ్యాహ్నం వాన పడినప్పుడు కూడా ఈడనే ఉంటివా?"

"ఉండక యాడికి పోతా. ఆ రేకు కిందనే కూర్చున్యా."

"నిన్న ఆళ్ళగడ్డలో చినుకు పడలేదు మామా."

సంజీవయ్య తువ్వాలు సర్దడం ఆపేశాడు. సుందరరాజు స్టూలు మీంచి లేచాడు. పొద్దున ఇదే ముసలాయన్ని ఆయన అరగంట ప్రశ్నించి ఏమీ రాబట్టలేకపోయాడు మరి.

"చేనుకు కరెంటొచ్చే వేళప్పా" అన్నాడు సంజీవయ్య నేల చూస్తూ. "మిరప ఎండిపోతాంది. మోటరేసి రెండు మళ్ళు తడుపుకోని వద్దామని పోయినా. పన్నెండున్నరకంతా వచ్చేసినా. సార్‌కు చెప్తే ఉన్న పని ఊడిపోతాదని చెప్పలేదు."

"తాళంచెవి?"

"ఆ గుంజకు తగిలించి పోయినా. రోజూ ఆడనే ఉంటాది. మనోళ్ళందరికీ తెలుసు."

మద్దిలేటి అరచేతిలో 10.30 నుంచి 12.30 అని రాసుకుని బయటికొచ్చాడు. గోనెపట్టాలు తడిపిన నీళ్ళకు గోడౌను ముందు బురద ఇంకా ఆరలేదు. టెంపో చక్రాల జాడ వెనక్కి వచ్చి వెళ్ళినట్టు ఉంది. దాని మీద ఇంకో పెద్ద బండి జాడ, వెనక జోడు చక్రాలది. లోడును కింద పెట్టిన తర్వాతే ఆ బండి వచ్చింది. రెండు గంటలు, కనీసం ముగ్గురు మనుషులు, అసలు కట్టలు ఎక్కించుకుని నకిలీవి దించడానికి అంత చాలు. పోలీసు స్టేషన్లో ఉన్నప్పుడు కూడా ఇట్లా జాడ తేలిన రోజు ఆయనకు ఆకలి తెలిసేది కాదు. ఇప్పుడూ తెలియడం లేదు.

ఏసమ్మ గోడ నీడలో కూర్చుని ఉంది. ఒడిలో రెండు చేతులూ పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టే కూర్చుంది.

"అక్కా, నేను నీ కోడలు పిలిస్తే వచ్చినోన్ని. నీ నలభై కట్టలు యాడున్నాయో నాకొక్కనికి చెప్పు. ఈ మనిషి నోరు ఇప్పుడే మూయిస్తా."

"అది నాకూ, నేనిచ్చినోళ్ళకూ తెలిస్తే చాలప్పా."

"కేసు పెడతారక్కా."

"పెట్టనీ."

"డెబ్భై రెండిళ్ళోళ్ళు ఈ పంటకు తీగ లేక నష్టపోతారు. పని చెన్నకేశవులుకు పోతే తీగకింత అని అమ్ముతాడు, ఓబులమ్మ కొనగలదా?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మద్దిలేటి చేతిలోని కట్టను ఆమె ముందు పెట్టాడు. ప్రతి కట్టకూ ఒక గుడ్డపేలిక చుట్టి ఉంది, దాని మీద స్కెచ్ పెన్నుతో నంబరు. మనవరాలు సిరి తన పాత యూనిఫాం చింపి రాసిన నంబర్లు. ఏడేళ్ళ పిల్ల, నాలుగు వేస్తే కుర్చీ తిరగబడ్డట్టు ఉంటుంది. ఇంకొకరు రాద్దామన్నా రాదు, అందుకే దొంగలు అసలు కట్టల పేలికలు విప్పి నకిలీ కట్టలకు కట్టారు.

ఏసమ్మ ఆ కట్టను చూసింది. తీగ వైపు కాదు, పేలిక ముడి వైపు. చూసి చటుక్కున మొహం తిప్పుకుంది.

"నేను తోటకు పోవల్ల" అని లేచింది. "కోసిన మోళ్ళకు ఈరోజు తడి పెట్టకపోతే మళ్ళీ చిగురెయ్యవు. మొత్తం పోయినా ఆ మోళ్ళుంటే నెలన్నరకు ఇంకో కోత వస్తాది."

రెండింటికి ఆమె రుద్రవరం ఆటో ఎక్కింది. సుందరరాజు అడ్డుపడబోతే మద్దిలేటి ఆయన ముందు నిలబడ్డాడు. "అరెస్టు చేసే అధికారం మీకు లేదు సార్. నాకూ లేదు. ఇద్దరం మూసుకుని ఉందాం."

ఆటో మలుపు తిరిగాక ఆయన ఆ ముడి మీద వేలు పెట్టి చూశాడు. ఒక కొస లాగితే జర్రున ఊడిపోయింది. ఇంకోటి లాగాడు. అదీ అంతే. అన్నీ ఒకే చేత్తో, ఒకే అలవాటుతో వేసిన ముళ్ళు.

"అనితమ్మా, ఈ పేలికలన్నీ విప్పి నంబర్ల వరసన పరుద్దాం పట్టు."

ఓబులమ్మ వచ్చి కూర్చుంది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. పావుగంటలో సిమెంటు నేల మీద పేలికలన్నీ పది పది చొప్పున వరసలు తీరాయి. సుందరరాజు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మద్దిలేటి ఒక్కో వరస చివరి జాగా మీద వేలు పెడుతూ వచ్చాడు.

"పది లేదు. ఇరవై లేదు. ముప్పై లేదు. నలభై లేదు." ఆయన వరసల వెంబడి వంగి నడుస్తూ పోయాడు. "నూటాపది లేదు. రెండు వందల డెబ్భై లేదు. సార్, అమ్ముకునేటోళ్ళు గుట్టలోంచి నలభై ఎత్తుకపోతారు. ఇట్లా ఏరుకోని పదోదీ పదోదీ తీస్తారా?"

"అది ఆమె కూలి వాటా. పదింటికి ఒకటి. చెప్పినా కదా."

"కూలికయినా చివర్లో ఒకేసారి లెక్కపెట్టి తీసుకుంటారు. ఇట్లా ఒక్కొక్కటి కట్టినప్పుడల్లా పక్కన పెట్టేదెందుకు?"

 అనిత నేల మీది ఖాళీ జాగాలను చూస్తూ ఉండిపోయింది. పది, ఇరవై, ముప్పై. ఆమె పెదవులు ఏదో లెక్క కట్టినట్టు కదిలాయి. ఉన్నట్టుండి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దశమ భాగమన్నా. పదోది దేవునిది. వచ్చే ఆదివారం చర్చిలో కోత పండగ. అత్త తన కూలంతా చర్చికిచ్చేసింది."

"ఇస్తే ఇచ్చినానని చెప్పడానికేం?"

"ఇచ్చింది చెప్పుకుంటే అది ఇచ్చినట్టు కాదంటాదన్నా ఆమె. పోయినేడు సిరికి పొద్దుగూకితే కళ్ళు కనపడేవి కావు. గడప తగిలి పడేది. డాక్టరు మందిచ్చి, ఈ గడ్డ తినిపించమన్నాడు. ఇప్పుడు దీపం పెట్టినాంక కూర్చోని నంబర్లు రాసింది. సిరికి చూపొస్తే మొదటి కోతలో నా కూలి నీదేనని మొక్కుకున్నట్టుంది. మాకెవరికీ చెప్పలేదు." ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మద్దిలేటికి గోడౌనంతా గంతులేయాలనిపించింది. అసలు తీగ నలభై కట్టలు భూమ్మీద ఉంది. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెడితే చాలు, కళ్ళున్నోడెవడికైనా తేడా తెలుస్తుంది. "సార్, ఐదు దాకా పెన్ను మూత తియ్యొద్దు" అని సుందరరాజుకు చెప్పి బండి స్టార్టు చేశాడు. అనిత వెనక ఎక్కింది.

ఆ డెబ్భై రెండిళ్ళ ఊళ్ళో చర్చికి చేరేసరికి మూడు. పాదిరి తిమోతి పక్క గది తాళం తీశాడు. గుమ్మడికాయల వెనక, కొర్రల సంచుల పక్కన, తడి గోనె కప్పి నలభై కట్టలు ఉన్నాయి. మద్దిలేటి పైకట్టను తీశాడు. వంకాయ రంగు కొస. కణుపుకు వేరు లేదు. గిల్లితే తెల్లగా పాలు కారాయి. పేలిక మీద 10, సిరి చేతి రాత. అనిత ఆ కట్టను చంటిపిల్లను తీసుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఆయన ముడి చూశాడు. ఆడవాళ్ళు వేసే రెండు చుట్ల గట్టి ముడి. గోళ్ళతో లాగినా రాలేదు. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. ఒక కొస లాగితే జర్రున ఊడే ముడిని చెక్‌పోస్టు డ్యూటీలో వేయిసార్లు చూశాడు. లోడు మీద తాడు బిగించే డ్రైవర్లు వేసే ముడి అది. ఏసమ్మ దాన్ని చూసి ఎందుకు మొహం తిప్పుకుందో ఇప్పుడు తెలిసింది. గుంజకు తాళంచెవి ఉంటుందని తెలిసినవాడు. నలభై తక్కువైతే, పదోదీ పదోదీ తక్కువైతే, వెంటనే చర్చి గుర్తొచ్చేవాడు.

"అయ్యగారూ, ఈ కట్టల గురించి ఇంకెవరైనా అడిగినారా?"

"పన్నెండింటప్పుడు ఫోనొచ్చింది" అన్నాడు తిమోతి. "అమ్మ ఇచ్చిన తీగలు ఉండాయా, వచ్చి తీసుకపోతా, తప్పుగా పంపించింది అని. మన రూబెనే."

అనిత చేతిలోని కట్ట మెల్లగా కిందికి దిగింది. మద్దిలేటి దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని గుట్ట మీద పెట్టాడు.  ఇన్నేళ్ళలో ఇంత మందిని పట్టించాడు గానీ, తనను పిలిచిన మనిషి మొగుణ్ణి ఆమె ముందే పట్టించడం ఇదే మొదలు.

బయట టెంపో ఆగిన చప్పుడైంది.

రూబెన్ గుమ్మం దాకా వచ్చి, భార్యను చూసి ఆగిపోయాడు. అనిత అరవలేదు. అతని పక్కనుంచి నడిచి వెళ్ళి కాంపౌండు గేటు మూసి గొళ్ళెం పెట్టింది. వెనక్కి వచ్చింది. "అయ్యగారూ, గంట కొట్టండి. డెబ్భై రెండిళ్ళోళ్ళూ వచ్చి చూడనీ ఈయన్ని."

"అనితా, ఒక్క మాట."

"సిరి రాసిన పేలికలు నీ చేత్తో విప్పినావు. నీకు చేతులెట్లొచ్చినాయ్యా?"

"తీగలు మారిస్తే ఎవరికీ ఏం కాదన్యాడు చెన్నకేశవులు. తెల్ల గెనుసు కూడా గడ్డే గదా అన్యాడు. వాళ్ళ బండ్లకు నన్ను పర్మినెంటు డ్రైవరుగా పెట్టుకుంటానన్యాడు. కేసు అమ్మ మీదికి వస్తాదని నాకు తెలీదు." రూబెన్ గోడకు ఆనుకున్నాడు. "అసలు కట్టలు నంద్యాల్లో ఆయన షెడ్లో ఉండాయ్. నేనే చూపిస్తా. పోలీసులకైనా చెప్తా. కానీ ముందు తోట."

"తోటకేంది?" అన్నాడు మద్దిలేటి.

"తీగ మళ్ళీ చిగురేస్తే ఏసమ్మ మళ్ళీ పంచుతాదని, మోళ్ళ మీద గడ్డిమందు కొట్టేకి మనుషుల్ని పంపించినాడు. రెండున్నరకే బయల్దేరినారు. తోటలో ఎవరూ ఉండరు, అమ్మ పొద్దుటి నుంచీ ఆళ్ళగడ్డ గోడౌన్లోనే ఉందని నేనే చెప్పినా."

అనిత గేటు వైపు కదిలింది. "అత్త రెండింటికే పోయింది. మోళ్ళకు తడి పెట్టల్లని. ఒక్కతే."

రూబెన్ చేతిలోని టెంపో తాళంచెవి కిందపడింది. పైన గంట మొదలైంది. తిమోతి తాడు పట్టి గట్టిగా లాగుతున్నాడు, వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి, ఆడవాళ్ళ గొంతులు దగ్గరవుతున్నాయి. మద్దిలేటి తాళంచెవి తీసి రూబెన్ చేతిలో పెట్టి బండి వైపు తోశాడు. వాచీ మూడూ ఇరవై. రుద్రవరానికి ముప్పావు గంట. అరచేతిలో రాసుకోవడానికి జాగా లేదు.

అనిత అత్తకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. నాలుగు రింగులకు ఎవరో ఎత్తారు.

"అత్తా. అత్తా, యాడుండావు?"

అవతల మాట లేదు. మందు కొట్టే మోటారు చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది.